వెలుగు చెంతనే సంతమసము

వెలుగునకు చేరువ కావలెనను కోరిక ప్రాణికోటికి సహజమైనది. మొలక సూర్యుని వైపు తల యెత్తును. పసిబిడ్డ దీపము వైపు చేయి చాచును. గర్భాలయమున వెలుగు దివ్వెను ఇంకొక అడుగు దగ్గరగా చూడవలెనని భక్తుడు వరుసలో గంటలకొలది నిలుచును. వేదకాలము మొదలు నేటివరకు ఈ దేశపు ప్రార్థనలలో పెక్కింటికి తాత్పర్యము చీకటిని వీడి వెలుగును చేరుటయే. ఇట్లుండగా వెలుగునకు మిక్కిలి చేరువగా నున్న ఒక వస్తువునకు గీర్వాణభాషలోనే చీకటి యని పేరు పెట్టిరన్నచో వినువారికి వింతగా తోచును. అట్టి పేరు గల లోకమొకటి ఆకాశమున నిజముగనే కలదు. దాని పేరు సంతమసము. దాని స్థితిగతులు తెలిసికొన్నచో సామీప్యమను మాటకు లోకము చెప్పుకొను అర్థమును మరల ఒకసారి పరిశీలింపవలసి వచ్చును.

అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సమాఖ్య 1919లో ఏర్పడినది. నూరేండ్లు నిండిన సందర్భమున 2019లో ఆ సంస్థ ఒక్కొక్క దేశమునకు ఒక్కొక్క నక్షత్రమును, దానిని చుట్టివచ్చు ఒక గ్రహమును అప్పగించి, వానికి పేర్లు సూచింపుడని కోరినది. భారతదేశమునకు లభించినది హెచ్.డి. 86081 అను సంఖ్యతో పట్టికలకెక్కిన నక్షత్రము. దేశము నలుమూలల నుండి వచ్చిన సూచనలలో ఎన్నికయైన పేర్లు 2019 డిసెంబరు 17వ తేదీన ప్రకటింపబడినవి. నక్షత్రమునకు విభ యనియు, గ్రహమునకు సంతమస మనియు పేర్లు స్థిరపడినవి. విభ యనగా కాంతి. వంగభాషలో దీనినే బిభా యని పలుకుదురు. విశ్వకిరణములను పరిశోధించిన బిభా చౌధురి యను విదుషీమణి స్మృతియు ఆ పేరులో ఇమిడియున్నది. సంతమసమను పేరును సూచించినవాడు పూణే నగరమునకు చెందిన పదుమూడేండ్ల విద్యార్థి. దట్టమైన వాయువులు మబ్బులవలె ఆ గ్రహమును కప్పియుండునను భావముతో ఆ పేరు ఎన్నుకొనబడినది.

పేరు పెట్టినవారు మబ్బును తలచిరి. నిఘంటువు ఇంకను లోతైన అర్థమును చూపును. అమరసింహుడు చీకటిని ఒక్క మాటతో సరిపెట్టలేదు. దట్టమైన చీకటి అంధతమసము. సన్నగిల్లిన చీకటి అవతమసము. అన్ని వైపుల నుండి ఆవరించిన చీకటి సంతమసము. ఈ మూడు రూపములను పాణిని ఒక్క సూత్రముననే సాధించెను. వీనిలో మూడవదియే ఎక్కువ భయంకరమైనది. అంధతమసమున నున్నవాడు తాను చీకటిలో నుంటినని ఎరుగును, దివ్వెకై వెదకును. అన్ని వైపుల కమ్మినదానికి హద్దు కనబడదు గనుక, సంతమసమున నున్నవానికి అది చీకటి యని తోచుటయే కష్టము.

విభా నక్షత్రము సింహరాశియందలి మఘకు దక్షిణముగా ఒక చిన్న తారామండలమున నున్నది. కంటికి కనబడదు; దూరదర్శిని కావలెను. అచ్చట బయలుదేరిన కాంతి భూమిని చేరుటకు సుమారు 340 సంవత్సరములు పట్టును. 1687లో మొగలుల వశమైన గోల్కొండ కోట తన స్వాతంత్ర్యపు చివరి దినములను గడుపుచున్న కాలమున, ఇంచుమించుగా, బయలుదేరిన వెలుగు నేడు ఇచ్చటికి వచ్చుచున్నది. సంతమసము ఘనపదార్థమయమైన భూమివంటిది గాదు; బృహస్పతివలె వాయువుల రాశి. దాని ద్రవ్యరాశి బృహస్పతి ద్రవ్యరాశికి ఒకటిన్నర రెట్లకు తక్కువ యుండదని గణింపబడినది. ఇంతటి మహాగ్రహము తన నక్షత్రమునకు ఎంత దూరమున నున్నది? భూమికి సూర్యునకు నడుమ 15 కోట్ల కిలోమీటర్ల దూరము కలదు. అందులో ఇరువదియైదవ వంతుకంటె తక్కువ దూరముననే సంతమసము విభను చుట్టివచ్చుచున్నది. సూర్యునకు అన్నిటికంటె దగ్గరివాడైన బుధుడుకూడ దీనితో పోల్చిన పదిరెట్లు దూరమున నున్నట్లే.

ఆంధ్ర తెలంగాణ దేశముల ప్రజలకు బృహస్పతి గమనము పుష్కరముల మూలమున సుపరిచితము. గురువు సూర్యుని ఒకసారి చుట్టివచ్చుటకు పన్నెండేండ్లు పట్టును. ఆయన సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి, కన్యారాశిలో ప్రవేశించినప్పుడు కృష్ణకు పుష్కరము. 2015లో గోదావరీ పుష్కరము, 2016లో కృష్ణా పుష్కరము జరిగినవి. సంతమసము తన చుట్టును రెండు దినముల మూడు గంటలలో ముగించును. పన్నెండేండ్లకు ఒకసారి వచ్చునది గనుకనే పుష్కరమునకై జనులు కాచుకొని యుందురు, పితృదేవతలను తలంతురు, పాపభీతితో నీట మునుగుదురు. రెండు దినములకొకసారి వచ్చునదైనచో ఎవ్వరు కాచుకొందురు? వేగము పెరిగినంతమాత్రమున పుణ్యము పెరుగదు.

ఇట్టి గ్రహములను శాస్త్రజ్ఞులు వేడి బృహస్పతులని పిలుచుచున్నారు. వీనిలో మొదటిదానిని 1995లో మిషెల్ మేయర్, డిడియే కెలోజ్ అను స్విస్ శాస్త్రజ్ఞులు పూర్వాభాద్రా తారల చెంత నున్న ఒక నక్షత్రమునొద్ద కనుగొనిరి. ఆ కృషికి వారికి 2019లో నోబెల్ బహుమానము లభించినది. వారు గ్రహమును కంటితో చూడలేదు. నక్షత్రము నాలుగు దినములకొకసారి ముందునకు వెనుకకు మిక్కిలి స్వల్పముగా ఊగుచుండుట ఆ కాంతిలో కనబడినది. కనబడని దేదో దానిని లాగుచున్నదని నిశ్చయించిరి. పొగను చూచి నిప్పును నిర్ణయించుట నైయాయికులు చెప్పు అనుమాన ప్రమాణము. కనబడనిది లేదని వాదించువారికి ఈ ఒక్క దృష్టాంతము చాలును. సంతమసము కూడ 2006లో ఈ మార్గముననే బయలుపడినది.

భారతీయులును ఈ అన్వేషణలో వెనుకబడలేదు. ఆబూ పర్వతమునందలి గురుశిఖరముపై నున్న వేధశాలలో 1.2 మీటర్ల దూరదర్శినితో భౌతిక పరిశోధనాలయమువారు ఇట్టి ఒక వేడి బృహస్పతిని గుర్తించి 2021లో ప్రకటించిరి. అది మూడు దినములకు పైచిలుకు కాలములో తన నక్షత్రమును చుట్టివచ్చును. ఆ గురుశిఖరము దత్తాత్రేయస్వామి సన్నిధానము. భాగవతము ఏకాదశస్కంధమున అవధూత తన ఇరువదినలుగురు గురువులను యదుమహారాజునకు చెప్పునపుడు మిడుతను, సూర్యునికూడ ఆ వరుసలో చేర్చెను. రూపమునకు మోహించి నిప్పులో పడు మిడుత ఒక పాఠము. గ్రహించిన నీటిని తగిన వేళకు వదలిపెట్టి దేనియందును తగులుకొనని సూర్యుడు మరియొక పాఠము. రెండును వెలుగునకు సంబంధించినవే. ఒకటి చేరువ కాగోరి నశించుట. మరియొకటి పుచ్చుకొన్నదానిని మరల ఇచ్చివేయుట. ఈ రెంటి నడుమనే జీవుని యాత్ర.

ఈ విచారణ చేయుటకు హైదరాబాదునకు పడమట నున్న కొండాపూరువంటి స్థలము మిక్కిలి తగియున్నది. పేరులోనే కొండను దాల్చిన ఆ ఊరు శేరిలింగంపల్లి ప్రాంతమున ఒకప్పుడు బండల నడుమ నున్న పల్లె. ఆ ప్రాంతపు రాళ్ళ వయస్సు 250 కోట్ల సంవత్సరముల వరకు నుండునని భూగర్భశాస్త్రము. 1998 నవంబరులో చెంతనే మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైనది. పిమ్మట రెండు దశాబ్దములలో కొత్తగూడ కూడలి మొదలు గచ్చిబౌలి వరకు అద్దపు మేడలు లేచినవి. విద్య అచ్చట నున్నది. ధనము అచ్చట నున్నది. లోకమునందలి నలుమూలల వార్తలు క్షణములో వచ్చి వ్రాలు యంత్రములు అచ్చట నున్నవి. తెలుగునాట ఏ పల్లెలోని తల్లిదండ్రులైనను తమ బిడ్డ ఆ వెలుగు చేరువకు చేరవలెనని కోరుకొనుచున్నారు. అందు తప్పులేదు. అర్ధరాత్రికూడ ఆరని ఆ దీపముల నడుమ నిలిచి తల యెత్తిచూచినచో మఘవంటి పెద్ద చుక్కయు మసకబారి తోచును. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు తమ 48 అంగుళముల దూరదర్శినిని 1968లో నగరమున గాక దూరముగా రంగాపూరు పల్లెయొద్ద నెలకొల్పిరి. చుక్కలను చూడవలెనన్న దీపములకు దూరముగా పోక తప్పదు. వెలుగులన్నియు వెలుగును చూపునవి కావు. కొన్ని కప్పివేయునవియు కలవు.

అచ్చటి బహుళాంతస్తుల భవనములలో ఒకదానియందు ఒక సాయంకాలము ఒక వృద్ధుడు సంధ్య వార్చుటకు వసారాలో కూర్చుండియుండెను. బడిలో సంతమసమును గూర్చి విని వచ్చిన మనుమడు చెంతకు చేరెను.

"తాతయ్యా! అంత పెద్ద సూర్యుడు పక్కనే ఉన్నాడు కదా, మరి దానికి చీకటి అని పేరెందుకు పెట్టారు?"

"మబ్బులు కమ్మి ఉంటాయని పెట్టారు నాయనా. ఇంకొక సంగతి కూడా ఉంది. అది ఎప్పుడూ ఒక్క మొగమే సూర్యుడికి చూపిస్తుందట. రెండవ వైపున తెల్లవారడమే ఉండదు."

"అయితే అక్కడ ఎవరైనా ఉంటే సంధ్య ఎప్పుడు వారుస్తారు?"

"అక్కడ సంధ్యే లేదు నాయనా."

బాలుడు మూసియున్న గది తలుపు వైపు చూచెను. లోపల తండ్రి నిద్రించుచుండెను. అమెరికా గడియారము ననుసరించి రాత్రి యంతయు పనిచేసి పగలు పండుకొను ఉద్యోగము ఆయనది.

"మరి నాన్నకు సంధ్య ఎప్పుడు తాతయ్యా?"

వృద్ధుడు ఉద్ధరిణిని పంచపాత్రలో నుంచి మౌనము వహించెను. ఆ ప్రశ్నయొక్క బరువు తెలియవలెనన్న ముందు సంధ్య యననేమో తెలియవలెను.

చంద్రుడు భూమికి ఎల్లప్పుడు ఒక్క ముఖమునే చూపును. భూమి ఆకర్షణము యుగయుగములుగా అతని భ్రమణమును పట్టి నెమ్మదింపజేసి, చుట్టివచ్చు కాలమును, తన చుట్టు తాను తిరుగు కాలమును సమానము చేసినది. నక్షత్రమునకు మిక్కిలి చేరువగా నున్న మహాగ్రహములకును ఇదే గతి పట్టునని శాస్త్రజ్ఞుల నిశ్చయము. ఒక పార్శ్వమున నిత్యము మధ్యాహ్నము. మరియొక పార్శ్వమున నిత్యము అర్ధరాత్రి. మిక్కిలి చేరువ యగుటయే దాని భ్రమణమును హరించినది. సూర్యుడు ఉదయింపడు, అస్తమింపడు. అచ్చట కాలము నడువదు.

భూమి యట్లుగాదు. 15 కోట్ల కిలోమీటర్ల దూరమున నిలిచి, దినమునకొకసారి తన చుట్టు తాను తిరుగుచు, తన ఒడిలోని ప్రతి గ్రామమును, ప్రతి చెట్టును వెలుగునకు చూపి, మరల చల్లని రాత్రిలో విశ్రమింపజేయుచున్నది. రాత్రి శాపము గాదు. పగటికి పాత్రతను కలిగించు విశ్రాంతి. ఆ రెండును కలియు వేళ సంధ్య. సమ్యగ్ధ్యానము చేయదగిన కాలము గనుకను దానికి సంధ్య యను పేరు చెల్లునని పెద్దలు చెప్పుదురు. తిరుగుట యున్నచోటనే సంధి యుండును. సంధి యున్నచోటనే సంధ్య. అర్ఘ్యమిచ్చుట మూడు మంత్రములు వచ్చిన కొందరికే పరిమితమైన విషయము గాదు. సాయంకాలము తులసికోట యొద్ద దీపము పెట్టు ఇల్లాలు, దుకాణము తెరచునపుడు మొదట ఒక్క క్షణము కన్నులు మూసికొని చేతులు జోడించు వర్తకుడు, పొలమునుండి ఇంటికి మరలుచు పడమటి దిక్కునకు నమస్కరించు రైతు, వీరందరును సంధ్యోపాసనయొక్క సారమునే ఆచరించుచున్నారు. ఆ సారమేదన, పనినుండి ముఖమును త్రిప్పి పరమాత్మను చూచుట. పరమాత్మను చూచిన ముఖముతో మరల పనికి తిరుగుట.

కాబట్టి సంతమసము బోధించు మొదటి పాఠము: చేరువయందు గౌరవము లేదు, తిరుగుటయందు కలదు. ఒక్క వైపే చూచువానికి, ఆ వైపు ఎంత ప్రకాశవంతమైనను, అతనిలో సగము ఎన్నడును తెల్లవారని చీకటియే. ఉద్యోగము వైపు తిరిగిన ముఖము నిత్యము మండుచుండ, ఇల్లాలి వైపు, బిడ్డల వైపు, ముసలి తల్లిదండ్రుల వైపు నున్న ముఖము నిత్యము చల్లారియుండుట కలదు. వారు ఒకే కప్పు క్రింద నుందురు; అయినను వారికి అతని వెలుగు కనబడదు. ఇది ఉద్యోగులకే గాదు. దేవాలయమున దినమంతయు మెలగువారికిని వర్తించును. గర్భాలయమునకు పది అడుగుల దూరమున కూర్చుండి లెక్కలు వ్రాయువాడు, వరుసను నియమించువాడు, హారతిపళ్ళెము పట్టువాడు, గ్రంథములు వల్లించువాడు, వీరందరు వెలుగునకు అందరికంటె చేరువవారు. ఏటికొకసారి ఎంతో దూరము నడచి వచ్చి ఒక్క క్షణము దర్శించి కన్నీరు విడుచు పల్లెజనుని చూచి వీరు తమలో తాము ప్రశ్నించుకొనవలెను: చేరువ యెవ్వరిది?

రెండవ పాఠము మరియొక గ్రహము చెప్పును. బ్రహ్మహృదయమను ప్రకాశవంతమైన తార యున్న మండలముననే వాస్ప్ 12బి అను వేడి బృహస్పతి కలదు. అది ఇంచుమించు 26 గంటలలో తన నక్షత్రమును చుట్టివచ్చును. ఆకర్షణపు ఒత్తిడికి గుండ్రదనము చెడి కోడిగ్రుడ్డువలె సాగిపోయినది. ఏటేట దాని కక్ష్య కుంచించుకొని పోవుచున్నది. కొన్ని లక్షల యేండ్లకు అది నక్షత్రమున పడి లయించును. ఇంత చేరువ నున్నను అది మెరయుట లేదు. తనపై బడిన కాంతిలో నూటికి 94 పాళ్ళకు తక్కువ గాకుండ అది మ్రింగివేయుచున్నదని హబుల్ దూరదర్శినితో చేసిన పరిశీలనలవలన 2017లో తేలినది. తారురోడ్డువలె నల్లనిది. పుచ్చుకొన్నది దండిగా, మరల ఇచ్చినది స్వల్పము. చంద్రుడును స్వతహాగా వెలుగులేనివాడే. కాని తనకు అందిన కొంచెములో కొంత భూమిపై చల్లి లోకమునకు వెన్నెల యయ్యెను. వెలుగును ఎంత పొందితిమి యను ప్రశ్న గాదు. ఎంత పంచితిమి యనునదియే ప్రశ్న.

విభా నక్షత్రము ఎవ్వరి పేరును స్మరింపజేయుచున్నదో ఆ బిభా చౌధురి జీవితము ఇచ్చట తలంపదగినది. 1913లో జన్మించిన ఆమె, దేవేంద్రమోహన్ బోసు గారితో కూడి, ఛాయాచిత్రముల ఫలకములను ఎత్తైన హిమాలయ ప్రదేశములలో నుంచి, ఆకాశమునుండి వచ్చు సూక్ష్మకణముల జాడలను పట్టుకొనెను. యుద్ధకాలమున మేలైన ఫలకములు దొరకక ఆ కృషి మధ్యలో నిలిచినది. పిమ్మట మేలైన ఫలకములతో అదే మార్గమున పరిశోధించిన సెసిల్ పావెల్‌కు 1950లో నోబెల్ బహుమానము వచ్చినది. ఆమె 1949లో టాటా మౌలిక పరిశోధనా సంస్థలో చేరి అచ్చటి మొదటి మహిళా పరిశోధకురాలయ్యెను. ఆ సంస్థవారి హైదరాబాదు కేంద్రము నేడు కొండాపూరునకు అనతిదూరమున గోపనపల్లెలో నున్నది. 1991లో ఆమె మరణించునాటికి ఆమె పేరు ఎరిగినవారు కొలదిమంది. కీర్తికి దూరముగా నుండి వెలుగు నిచ్చినవారు కలరు. కీర్తికి చేరువగా నుండి నల్లబడినవారును కలరు.

ఇచ్చట ఒక శంక కలుగును. చేరువ యగుట ప్రమాదమైనచో శాస్త్రములు సామీప్యమును ముక్తిభేదములలో ఒకటిగా ఏల చెప్పినవి? భక్తులు భగవత్సన్నిధిని ఏల కోరుదురు?

సమాధానము పురాణములలోనే కలదు. సూర్యుని పత్ని సంజ్ఞ భర్తృతేజమును భరింపలేక ఛాయను తనకు మారుగా నిలిపి తొలగిపోయెను. సూర్యుడు ఆమెపై కోపము చెందలేదు. మామయైన విశ్వకర్మయొద్దకు పోయి తన తేజమును తరణి పట్టించుకొనెను. ఆ రాలిన తేజముననే విష్ణుచక్రము, శివుని త్రిశూలము ఏర్పడెనని కథ. ఇందలి తత్త్వము గమనింపదగినది. అగ్నిగోళమునకు ప్రేమ లేదు, చేరువైనదానిని కాల్చును. భగవంతునకు ప్రేమ కలదు. చేరువ కాదలచినవారికై తన తేజమును తానే తగ్గించుకొనును. విశ్వరూపమును చూచి వణకిన అర్జునునకు ఆయన సౌమ్యరూపమును చూపెను. కొండంత తేజమును ఒక శిలామూర్తిలో, ఒక పసుపుముద్దలో, ఒక చిన్న దీపశిఖలో ఇముడ్చుకొని భక్తుని ఎదుట నిలుచుట అర్చావతార సౌలభ్యము. సంతమసము విభకు కోట్లయేండ్లు దగ్గరగా నున్నను విభ తన తాపమును రవ్వంత తగ్గింపదు. భగవత్సామీప్యము అట్టిది గాదు. అది కొలతకర్రతో కొలువదగిన దూరమును గూర్చిన మాట గాదు.

సూర్యునకు అందరికంటె చేరువవాడైన అరుణుని చూడుడు. ఊరువులు లేనివాడు, అసంపూర్ణ దేహుడు. ఆయనను రథము ముందుభాగమున కూర్చుండబెట్టినది లోకములను సూర్యతాపమునుండి కాపాడుటకని భారతము ఆదిపర్వమున కథ. తాపమునంతయు తన మేన సహించి, లోకమునకు మాత్రము మృదువైన తొలివెలుగును అందించును. తూర్పున మొదట కనబడు ఎరుపు ఆయన కాంతియే. చేరువయైనవాని ధర్మమిది. వెలుగు చెంత నుండు భాగ్యము కలిగినవాడు దూరమున నున్నవారికి కవచమును, కానుకయు కావలెను.

ప్రకృతికూడ ఈ ధర్మమును పూర్తిగా మరువలేదు. 2007లో హెచ్.డి. 189733బి అను వేడి బృహస్పతియొక్క ఉష్ణపటమును శాస్త్రజ్ఞులు మొదటిసారి గీసిరి. పగటి పార్శ్వము 900 డిగ్రీలకు పైబడి మండుచున్నది. రాత్రి పార్శ్వము మంచుగడ్డ యగునని తలచినచో అదియు 600 డిగ్రీలకు పైగా వెచ్చగా నున్నది. కారణమేమి? ప్రచండమైన గాలులు వెలుగు వైపు లభించిన వేడిని చీకటి వైపునకు మోసికొనిపోవుచున్నవి. తిరుగుటకు అవకాశములేని లోకమున సైతము మోసికొనిపోవు గాలికి అవకాశమున్నది. మనుష్యునిలో ఆ గాలికి దయ యని పేరు.

కాబట్టి రాత్రియుద్యోగము చేయువారు నిరాశ చెందనక్కరలేదు. శాస్త్రము కఠినమైనదని భయపడువారు దాని కరుణను గమనింపవలెను. వేళ తప్పినవానికి కాలాతీత ప్రాయశ్చిత్తార్ఘ్యమును విధించిరి గాని తలుపు మూయలేదు. వేళ తప్పునని పెద్దలు ముందే ఎరుగుదురు. తప్పినవాడు మరల రావలెననియే వారి కోరిక. పగలు మూడుగంటలకు మేల్కొన్నవాడు ఆ వేళనే ముఖము కడిగికొని ఒక్క అర్ఘ్యము విడువవచ్చును. పనిగది విడచి ఇంటికి వచ్చుచు తొలివెలుగును చూచువాడు వాహనము దిగి తూర్పునకు ఒక్క నమస్కారము చేయవచ్చును. ఇంటిలోనివారితో మాటాడు పదినిమిషములు చేతిలోని పరికరమును బోర్లించి యుంచవచ్చును. ఇవి స్వల్పములే. భూమికూడ స్వల్పముగానే తిరుగును. కాని ఎడతెగక తిరుగును.

కొండాపూరునందలి ఆ వృద్ధుడు మనుమనికి ఇచ్చిన బదులు ఇంతకంటె చిన్నది. "మీ నాన్న ఎప్పుడు ఇటు తిరిగితే అప్పుడే సంధ్య నాయనా. అంతవరకు మనం వాడిని తప్పుపట్టకూడదు, దీపం ఆర్పకూడదు" అని ఆయన పలికెను. తిరుగవలసినవాని ధర్మము ఒకటి; వేచియుండువారి ధర్మము మరియొకటి. నిందించు ఇంటికి ఎవ్వరును తొందరగా తిరిగి రారు.

కొండాపూరునుండి కనుచూపు మేరలో గోల్కొండ కోట కలదు. అందు భక్తరామదాసును బంధించిన చెర యని చూపబడు చీకటిగది నేటికిని యున్నది. భద్రాచల రామునకు ఆలయము కట్టించినందులకు కంచర్ల గోపన్న పన్నెండేండ్లు ఆ చెరలో నుండెనని సంప్రదాయము. గురుగ్రహము సూర్యుని ఒకసారి చుట్టివచ్చు కాలము, ఒక పుష్కరకాలము. నాలుగు వైపుల గోడలు. అన్ని వైపుల కమ్మిన చీకటి. అమరసింహుడు చెప్పిన సంతమసమునకు అంతకంటె ఉదాహరణము లేదు. అయినను ఆ గదిలోనివాని ముఖము ఎటు తిరిగియుండెనో తెలుగుదేశము ఎరుగును. అతడు రామునితో వేడుకొనెను, అలిగెను, నిష్ఠురములాడెను, మరల పాదములు పట్టెను. ఎన్ని విధముల తిరిగినను ఆ తిరుగుట రాముని చుట్టునే. ఆ చెరనుండి వెలువడిన కీర్తనలు మూడువందల యేండ్లకు పైగా ఇంటింట వెలుగుచున్నవి. ఇంచుమించు ఆ కాలముననే విభా నక్షత్రమునుండి బయలుదేరిన కాంతి నేడు భూమిని చేరుచున్నది. ఒకడు చీకటి నడుమ నుండి వెలుగైనాడు. ఒక గ్రహము వెలుగు చెంత నుండి చీకటి యను పేరు పొందినది.

దూరము దైవాధీనము, తిరుగుట జీవునకు అబ్బిన స్వాతంత్ర్యము. ఎవ్వరు ఎంత చేరువ నున్నను, ఎంత దూరమున నున్నను, దినమునకొకసారియైనను ముఖమును పరమాత్మ వైపునకు త్రిప్పి, పొందిన వెలుగును పక్కవాని చీకటిలోనికి మోసికొనిపోవుదురుగాక. అట్టివారి ఇంట సంధ్య తప్పదు, సంతమసము నిలువదు. సర్వేజనాః సుఖినో భవంతు.